వేలం ఫెయిల్... బేరం పాస్!

వేలం విఫలమైంది. పాట పాడడానికి ఒక్కడూ రాలేదు. ఇంటాయన గుండె పట్టుకున్నాడు. బ్యాంకు మేనేజరు నెత్తి పట్టుకున్నాడు. అంతే కదా మీరనుకుంటున్నది? ఎంత అమాయకులండీ! ఊళ్లో ఓ నలుగురు మాత్రం ఆ సాయంత్రం బిర్యానీ తెప్పించుకున్నారు. అసలు అమ్మకం ఇప్పుడే కదా మొదలైంది. ఇంతసేపూ జరిగింది రికార్డు కోసం.

సర్ఫేసీ చట్టం 2002లో వచ్చింది. అప్పు కట్టనివాడి ఆస్తిని బ్యాంకు కోర్టు గడప తొక్కకుండానే స్వాధీనం చేసుకుని అమ్ముకోవచ్చు. ఘరానా ఎగవేతదారుల ఆట కట్టిస్తామన్నారు. చప్పట్లు కొట్టాం. 60 రోజుల నోటీసు, ఆపైన స్వాధీనం, ఆపైన వెల కట్టడం, 30 రోజుల అమ్మకం నోటీసు, చివరికి ఆన్‌లైన్ వేలం. అంతా పారదర్శకమే. వెబ్‌సైట్లకూ లోటు లేదు. 2019 డిసెంబరులో ఈ-బిక్రయ్ అన్నారు. 2025 జనవరిలో బ్యాంక్‌నెట్ అన్నారు. ప్రతిసారీ ఓ ప్రారంభోత్సవం, ఓ ప్రెస్‌నోట్. వేలం ఎప్పుడో అందులో ఉంటుంది. కనీస ధర ఎంతో ఉంటుంది. మరి వేలం తుస్సుమన్న మర్నాటి నుంచి ‘మేం కొంటాం’ అంటూ ఎవరెవరు వచ్చారు, ఎంతెంత ఇస్తామన్నారు, ఎవరిని రమ్మన్నారు, ఎవరిని పొమ్మన్నారు? ఆ ముచ్చట ఏ పోర్టల్లో ఉంది? వెతకండి. దొరికితే నాకూ చెప్పండి.

ముందు అసలు వేలానికి జనం ఎందుకు రారో చూద్దాం. పేపరు లోపలి పేజీ తిప్పండి. భూతద్దం తెచ్చుకోండి. అమ్మకం నోటీసు అంటే అదే. ‘తూర్పు: కారిడార్. పడమర: ఓపెన్ టు స్కై. ఉత్తరం: ఫ్లాట్ నెంబరు ఫలానా. దక్షిణం: ఓపెన్ టు స్కై.’ ఫొటో ఉండదు. ఎక్కడ దిగాలో, ఏ గుడి పక్క సందులోకి తిరగాలో ఉండదు. కింద మాత్రం మహామంత్రం ఉంటుంది: ఉన్నది ఉన్నచోటే, ఉన్నది ఉన్నట్టే, ఏదుంటే అదే. ఆ పైన ఇంకో ముక్క: ‘బ్యాంకుకు తెలిసినంతవరకు ఆస్తిపై ఇతర బకాయిలు లేవు.’ తెలిసినంతవరకట! లోను ఇచ్చేనాడు ముప్పై ఏళ్ల ఈసీ అడిగింది ఎవరు? లింకు డాక్యుమెంట్లు తెమ్మని కాళ్లరిగేలా తిప్పింది ఎవరు? లీగల్ ఒపీనియన్ పేరిట ఫీజు గుంజింది ఎవరు? కొన్నవాడికి లోను ఇచ్చేటప్పుడు సర్వజ్ఞులు. అమ్మేటప్పుడు పాపం, పసిపిల్లలు.

చూసుకోదలచినవారికి ఓ తేదీ ఇస్తారు. వెళితే తలుపుకు బ్యాంకు తాళం, తాళానికి లక్క సీలు. కింద వాచ్‌మన్‌ని అడిగితే, ‘తాళం బ్యాంకోళ్ల కాడుంది సార్’ అంటాడు. బ్యాంకోళ్లకు ఫోన్ చేస్తే ఎత్తరు. ఎత్తినా, ఆ ఆఫీసరు బదిలీ అయిపోయాడంటారు. ఇన్ని దాటొచ్చి, పది శాతం ధరావతు కట్టి, గెలిస్తే మర్నాటికల్లా పాతిక శాతం లెక్క పూర్తి చేసి, మిగతాది పదిహేను రోజుల్లో తెచ్చి పోయాలి. లోపల ఎవరైనా కాపురం ఉంటే ఖాళీ చేయించుకునే బాధ కొన్నవాడిదే. ఇలా అమ్మితే తాజ్‌మహల్ కూడా అమ్ముడుపోదు.

అమ్మడం రాక కాదు సుమా. కోకాపేట భూముల్ని సర్కారు వేలం వేసినప్పుడు చూడలేదూ? ప్రచారం దంచారు. 2023 ఆగస్టులో ఎకరం 100 కోట్లు దాటింది. అమ్మాలని ఉంటే ఎలా అమ్మాలో ఈ దేశంలో అందరికీ తెలుసు.

సరే, మొదటి వేలం పోయింది. ఓ లెక్క వేసుకుందాం. నగర శివారులో ఓ రెండు పడకగదుల ఫ్లాట్ అనుకోండి. కనీస ధర 80 లక్షలు. అప్పు, వడ్డీ కలిపి 70 లక్షలు. ఎవరూ రాలేదు. రెండోసారి పది శాతం కోసేశారు. 72 లక్షలు. రాలేదు. మూడోసారి 64 లక్షల 80 వేలు. అప్పుడూ రాలేదు. నాలుగోసారి 58 లక్షల చిల్లర. వేలం వేలానికీ ప్రకటన ఖర్చు. ఆ ఖర్చు ఎవరి నెత్తిన? అప్పు తీసుకున్నవాడి ఖాతాలోనే రాస్తారు. తన ఇంటి వెల తగ్గించే ప్రకటనకు తనే డబ్బు కట్టుకునే భాగ్యం ఎందరికి దక్కుతుంది!

ఇప్పుడు ఇందులో ఓ సొగసైన కిటుకు చూడండి. సర్ఫేసీ నిబంధనల్లో తొమ్మిదో నిబంధన ఒకటుంది. కనీస ధర కంటే తక్కువకు అమ్మాలంటే అప్పు తీసుకున్నవాడి సమ్మతి తీసుకోవాలి. ఆహా, ఎంత న్యాయం! మరి కనీస ధరనే తగ్గించాలంటే? దానికి అతణ్ని అడగక్కర్లేదు. వాల్యూయరు రిపోర్టు, బ్యాంకు ఆమోదం, అధీకృత అధికారి సంతకం. చాలు. గీత కంటే కిందికి దిగాలంటే నీ అనుమతి కావాలి. గీతనే కిందికి జరిపితే నిన్ను మాటైనా అడగరు, నోటీసులో చదువుకోవాలి. ఇంత తెలివిని దేశం ఎగుమతి చేస్తే డాలరు ఎప్పుడో దిగొచ్చేది.

ఇక ఆ ఫోన్లు. రెండో వేలం విఫలమైన సాయంత్రం నుంచే మొదలవుతాయి. ‘నమస్తే సార్. ఫలానా ఫ్లాటు. పార్టీ రెడీగా ఉంది.’ మరి వేలానికి రాలేదేం? ‘అబ్బే, పాటకెందుకు సార్, పోటీ పెరుగుతది. మీరు కాగితం మీద ఇంకొక్కసారి ఫెయిల్ చెయ్యండి. ఆ తర్వాత మనం కూర్చుని మాట్లాడుకుందాం.’ ఆ ‘మనం’లో ఎవరెవరున్నారో అడక్కండి. ఊరి చెరువు పాట దగ్గర రింగయ్యేవాళ్లను చూశాం. కల్లు దుకాణం పాటలో చూశాం. ఎవరూ పై పాట పాడొద్దని ముందే గుడి దగ్గర ఒట్టేసుకుంటారు. కంప్యూటర్ వస్తే ఈ బాధ ఉండదన్నారు. నిజమే. ఇప్పుడు గుడిదాకా పోవాల్సిన బాధ తప్పింది. వాట్సాప్‌లో గ్రూపు చాలు.

రింగుకు కావలసింది ఏమిటి? తొందరపడని ఓపిక. ఆన్‌లైన్ వేలంలో ఎవరూ పాడకపోతే ఎవరి మీదా అనుమానం రాదు. మౌనానికి ఏ సెక్షనూ లేదు. ఎంత కాలం నోరు మూసుకుంటే అంత ధర కిందికి. అడ్డికి పావుశేరుకు దిగాక నోరు తెరవడమే. అప్పుడు కూడా వేలంలో తెరవరు. బ్యాంకు పక్క హోటల్లో తెరుస్తారు.

ఆగండాగండి, ప్రైవేటుగా అమ్మడం నేరమా అంటారా? కానే కాదు. ఎనిమిదో నిబంధనలో నాలుగు దారులు రాసే ఉన్నాయి. కొటేషన్లు తెప్పించుకోవడం, టెండర్లు పిలవడం, ఆన్‌లైన్ సహా బహిరంగ వేలం, నాలుగోది ప్రైవేటు ఒప్పందం. పాట పాడేవాడు లేనప్పుడు ఒడంబడికతో అమ్ముకోవడమే తెలివి. ఒక్కోసారి అందరికీ మేలు కూడా. వచ్చిన తంటా అంతా ఆ ఒప్పందం ఎవరెవరి మధ్య అన్న దగ్గరే.

మొదట్లో నిబంధన ఏమనేది? అమ్మకం షరతుల్ని ‘పార్టీల మధ్య’ రాతపూర్వకంగా ఖరారు చేసుకోవాలనేది. పార్టీలంటే ఎవరు? బ్యాంకు, కొనేవాడే అనుకున్నారు బ్యాంకులవాళ్లు. ఇల్లు పోయేవాడు కూడా పార్టీయే కదరా అంది 2014లో సుప్రీంకోర్టు. అప్పు తీసుకున్నవాడి సమ్మతి లేకుండా చేసిన ప్రైవేటు అమ్మకాన్ని కొట్టేసింది. పండగ చేసుకున్నారా? మరీ అంత తొందరెందుకు? 2016 నవంబరులో నిబంధన సవరించారు. ‘పార్టీల మధ్య’ అన్న మాట తీసేసి, ‘బ్యాంకుకూ, కొనబోయేవాడికీ మధ్య’ అని పెట్టారు. కోర్టు తలుపు తీస్తే సర్కారు అక్కడ గోడే కట్టేసింది. గోల లేదు. గొడవ లేదు. ఆ నెలలో దేశమంతా ఏటీఎంల ముందు వరసల్లో నిలబడి ఉంది. ఎవడికి తీరిక?

అంటే ఇప్పుడు మీ ఇల్లు ప్రైవేటుగా అమ్మే షరతులు రాసుకునేటప్పుడు ఆ గదిలో మీకు కుర్చీ లేదు. టీ కూడా లేదు.

అధికారులంతా దొంగలని నేననడం లేదు. అంటే పాపం. నిజాయితీపరుల కథ ఇంకా బాధాకరం. పైన చెప్పుకున్న ఫ్లాటునే తీసుకోండి. 72 లక్షల వేలం విఫలమైన మూడో రోజు ఓ టీచరు దంపతులు వచ్చారనుకుందాం. ‘సార్, వేలంపాటలు మాకు తెలియవు. 70 లక్షలు తెల్లడబ్బు. లోను కూడా మంజూరైంది. మాకిస్తారా?’ ఇస్తే అప్పు మొత్తం చెల్లు. ఇల్లు పోయినవాడు కనీసం తల ఎత్తుకుని తిరుగుతాడు. కనీస ధరకు రెండు లక్షలు తక్కువ కాబట్టి అతని సమ్మతి కావాలి. అడిగితే ఎగిరి గంతేసి సంతకం పెడతాడు. మరి అడిగారా? అడగరు. ఎందుకు? రేపు విజిలెన్సువాడు వచ్చి, ‘72 అని రాసుకుని 70కి ఎందుకిచ్చావు, నీకెంత ముట్టింది?’ అంటాడు. రిటైరయ్యే ముందు ఛార్జిషీటు ఎవరికి కావాలి? అందుకే ఆఫీసరుగారు చేతులు కట్టుకుని, ‘మూడో వేలంలో పాల్గొనండమ్మా’ అంటాడు. వాళ్లు లిఫ్టు దిగేలోపే మూడో వేలం నోటీసు ఫైలు కదులుతుంది. 70 ఇస్తామన్న ఉత్తరం ఫైల్లో అడుగుకు పోతుంది. ఆ దంపతులు ఇంకెక్కడో ఫ్లాటు కొనుక్కుంటారు. ఆర్నెల్ల తర్వాత అదే ఫ్లాటు 58 లక్షల 50 వేలకు ప్రైవేటు ఒప్పందంలో పోతుంది. పద్ధతి ప్రకారమే పోతుంది. నాలుగు వేలాలు వేశాం కదండీ! పత్రికా ప్రకటనలు ఇచ్చాం కదండీ! ఫైలు కడిగిన ముత్యం. ఆడిట్‌కు తిరుగులేదు. మధ్యలో ఆవిరైన పదకొండున్నర లక్షలకు ఏ ఆడిటరూ నోరెత్తడు. 70కి అమ్మి ఉంటే ప్రశ్న. 58కి అమ్మితే ప్రశంస.

ఆ పదకొండున్నర లక్షలు ఎక్కడికీ పోలేదులెండి. చట్టంలో 13(10) సెక్షను ఉంది. ఆస్తి అమ్మగా తీరని బాకీ కోసం బ్యాంకు రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు (డీఆర్టీ) వెళ్లి అప్పు తీసుకున్నవాణ్నే మళ్లీ పట్టుకోవచ్చు. హామీ సంతకం పెట్టిన బావమరిదినీ పట్టుకోవచ్చు. ఇల్లు కారుచౌకకు పోయిందే, ఆ నష్టం ఆఫీసరుది కాదు. బ్రోకరుది అసలే కాదు. పాత యజమానిదే. బేరమాడినవాడొకడు, సంతకం పెట్టినవాడొకడు, లాభపడ్డవాడొకడు. కట్టేవాడు మాత్రం గదిలో కుర్చీ లేనివాడు!

పోనీ అతనే కొనేవాణ్ని వెతుక్కొస్తే? వస్తాడు కూడా. ‘మా తోడల్లుడి స్నేహితుడు 74 ఇస్తానంటున్నాడు సార్, కాస్త టైమివ్వండి.’ జవాబు సిద్ధం: ‘నోటీసు వచ్చేసిందయ్యా. ఆయన్ని వేలంలో పాడమను.’ చట్టం కూడా ఆఫీసరు పక్షమే. 2023 సెప్టెంబరులో సెలిర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. వేలం నోటీసు ప్రచురించడంతోనే అప్పు కట్టి ఆస్తి విడిపించుకునే హక్కు ముగుస్తుందంది. ఆ కేసులో వేలం ముగిసి విజేత తేలాక బ్యాంకు పక్కకు జరిగి, అప్పు తీసుకున్నవారితోనే ఎక్కువ మొత్తానికి ఒప్పందం చేసుకోబోయింది. వేలం పవిత్రతకు అర్థం లేకుండా పోతుందని కోర్టు మందలించింది. మంచిదే. గెలిచినవాడికి ఇచ్చిన మాట నిలబెట్టాల్సిందే. కానీ గెలిచినవాడే లేని వేలానికి ఏం పవిత్రత ఉంటుందండీ? విజేత ఉన్నచోట పాఠాలు బోలెడు. విజేత లేనిచోట చీకటి. ఆ చీకట్లోనే కదా పార్టీలు తిరుగుతున్నది!

పేదోడి ఫ్లాటుకే ఇన్ని రూల్సు చెబుతారు కానీ పెద్దల సంగతేమిటని మీరు అడుగుతారని తెలుసు. విజయ్ మాల్యా గారు 2016 మార్చిలో దేశం దాటారు. తొమ్మిది వేల కోట్ల పైమాట బాకీ. గోవా కండోలిమ్‌లో ఆయన విలాస భవనం కింగ్‌ఫిషర్ విల్లాను 17 బ్యాంకుల కూటమి వేలానికి పెట్టింది. 2016 అక్టోబరులో 85 కోట్ల 29 లక్షలు అంది. దిక్కులేదు. డిసెంబరులో 81 కోట్లు అంది. దిక్కులేదు. 2017 మార్చిలో 73 కోట్లకు దిగింది. ఊహూఁ. ఏప్రిల్ వచ్చేసరికి ప్రైవేటు ఒప్పందంలో 73 కోట్ల చిల్లరకు పోయింది. కొన్నది మన తెలుగు తెర మీదా కనిపించిన నటుడు, వ్యాపారి సచిన్ జోషి. ఆయన కొనడంలో తప్పు లేదు. కనీస ధరకు తగ్గకుండానే కొన్నారు. నా ప్రశ్న ఆయనకు కాదు. మార్చిలో 73 కోట్లకు ఒక్కరూ కంప్యూటర్ ముందు కూర్చోలేదు కదా, నెల తిరిగేసరికి అదే ధర ఎలా గిట్టుబాటైంది? మూడు వేలాలకు కనిపించని కొనుగోలుదారు, వేలం తెర దించగానే కనిపించాడంటే దోషం ఎవరిది? కొనేవాడిదా? అమ్మే తీరుదా?

ముంబయి విలే పార్లేలో కింగ్‌ఫిషర్ హౌస్‌ది ఇంకో భాగోతం. 2016 మార్చిలో 150 కోట్లన్నారు. ఆపైన 135. ఆపైన 115. మెట్టు మెట్టూ దిగీ దిగీ 2021లో 52 కోట్ల పాతిక లక్షలకు పోయింది. కొన్నది ఎవరనుకున్నారు? మన హైదరాబాద్ సంస్థే, శాటర్న్ రియల్టర్స్. అయిదేళ్లలో ధర మూడో వంతుకు వచ్చింది. ముంబయిలో, విమానాశ్రయం పక్కన, స్థలం ధర అయిదేళ్లపాటు తగ్గిందంటే ప్రపంచ రికార్డే. ఇక ఆయనగారి విమానం. కనీస ధర 152 కోట్లన్నారు. 2016లో పాటకు వచ్చింది ఒకే ఒక్కరు. ఎంతకు? కోటీ తొమ్మిది లక్షలకు! మాదాపూర్‌లో ఫ్లాటు రేటు. ఛీ పొమ్మన్నారు. 2018లో అది 34 కోట్ల 80 లక్షలకు పోయింది. చూశారా, చచ్చు ఆఫరు వస్తే కాదనడమూ ఓ విద్యే. ఆ కాదన్నది కూడా అందరికీ తెలిసేలా కాదన్నారు. ఎవరు ఎంత అన్నారో పేపర్లలో అచ్చయింది. మీ ఫ్లాటుకు ఎవరెంత అన్నారో ఎక్కడ అచ్చయింది?

అన్నట్టు క్రికెట్ చూస్తారుగా. ఐపీఎల్ వేలం 2024 నవంబరులో జెడ్డాలో జరిగింది. శార్దూల్ ఠాకూర్‌ను ఎవరూ కొనలేదు. కనీస ధర రెండు కోట్లు. తర్వాత లక్నో జట్టులో ఒకరు గాయపడితే అతణ్ని తీసుకున్నారు. ఎంతకు? రెండు కోట్లకే. పాటలో అమ్ముడుపోలేదు కదా, పది లక్షలకు వస్తావా అని ఎవరూ అనలేదు. బంతులేసేవాడికి ఉన్న పాటి మర్యాద మీ ఇంటి గోడలకు లేదు.

మందు లేని రోగమా ఇది? మందు రిజర్వు బ్యాంకు బీరువాలోనే ఉంది. 2021 సెప్టెంబరులో అదే రాసింది. ఓ బ్యాంకు తన మొండి బాకీని ఇంకొకరికి నేరుగా బేరమాడి అమ్మేటప్పుడు, బాకీ 100 కోట్లు, ఆపైన ఉంటే, ఆ బేరం అక్కడితో ముగియకూడదు. వచ్చిన ఆఫరును జనం ముందు పెట్టి, ఇంతకంటే ఎక్కువ ఇచ్చేవాడున్నాడా అని అడగాలి. స్విస్ ఛాలెంజ్ అంటారు దాన్ని. ఆ పేరు మనకు కొత్తా? అమరావతి స్టార్టప్ ప్రాంతం రోజుల్లో టీకొట్టు దగ్గర కూడా స్విస్ ఛాలెంజ్ మీద చర్చ నడిచింది. దివాలా చట్టం కింద కంపెనీల ఆస్తులమ్మే లిక్విడేటర్లకూ ఓ కంచె ఉంది. వేలం విఫలమయ్యాక ఆ వేలం కనీస ధర కంటే ఎక్కువ వస్తే ప్రైవేటుగా అమ్మవచ్చు. లేదంటే వేరే కారణం చూపించాలి, లేదా ట్రైబ్యునల్ అనుమతి తెచ్చుకోవాలి. దివాలా తీసిన కంపెనీ సంబంధీకులకో, లిక్విడేటరు తను పెట్టుకున్న నిపుణులకో అమ్మాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి.

అంటే తెలివి ఉంది. రాత ఉంది. పద్ధతి ఉంది. వంద కోట్ల బాకీ అయితే అన్నీ ఉన్నాయి. 70 లక్షల బాకీకే ఏమీ లేవు. ఎందుకు లేవు? వంద కోట్లవాడి వెనక పది మంది లాయర్లుంటారు. 70 లక్షలవాడి వెనక పెళ్లీడుకొచ్చిన కూతురు ఉంటుంది.

బ్యాంకును ఏం చేయమంటున్నాం? ఆకాశం నుంచి చందమామను దించమనలేదు. వేలం విఫలమైతే అదే పోర్టల్లో, అదే ఆస్తి పేరు కింద, ‘ఫలానా తేదీ వరకు ఆఫర్లు తీసుకుంటాం’ అని రెండు వాక్యాలు రాయమంటున్నాం. వచ్చిన ప్రతి ఆఫరుకూ ఓ నెంబరు వేయమంటున్నాం. అన్నిటికంటే పై ఆఫరును పేరు లేకుండా పెట్టి, దాన్ని మించేవాడికి పదిహేను రోజులివ్వమంటున్నాం. అప్పు తీసుకున్నవాడికి ఓ కాపీ పంపమంటున్నాం. ధరావతు కట్టనివాడి మాట గాలిమాటే. వాణ్ని ముందే బయటికి పంపండి, మాకేం అభ్యంతరం లేదు. దీనికి పార్లమెంటులో చట్టం అక్కర్లేదు. కొత్త పోర్టలూ అక్కర్లేదు. మళ్లీ ఇంకో పేరు పెట్టి ఇంకో రిబ్బన్ కట్ చేస్తారేమోనని అదో భయం!

చెయ్యరు. ఎందుకంటే అంతా వెలుతుర్లో పెడితే రింగువాళ్లు పాటకు రావాలి. వాళ్లు పాటకు వస్తే వేలం విఫలం కాదు. వేలం విఫలం కాకపోతే ఫోన్లు రావు. ఫోన్లు రాకపోతే ఆ హోటల్ ఏసీ గదిలో అద్దెకెవరు దిగుతారు? ఎంతమంది పొట్ట కొడతామండీ మనం?

ఇంతకీ ఆ ఫ్లాటు సంగతి చెప్పలేదు కదూ. 58 లక్షల 50 వేలకు కొన్న పెద్దమనిషి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. రెండు గోడలకు రంగులేయించాడు. మూడు నెలలు తిరక్కుండా అమ్మకానికి పెట్టాడు. కొనేవాడు దొరికాడు. ఆ కొనేవాడికి లోను కావాలి. అదే బ్యాంకుకు వెళ్లాడు. అదే ప్యానెల్ వాల్యూయరు వచ్చాడు. టేపు పెట్టి కొలిచాడు. రిపోర్టు రాశాడు: మార్కెట్ విలువ 82 లక్షలు. గిరాకీ ఎక్కువగా ఉన్న ప్రాంతం. సులువుగా అమ్ముడుపోతుంది.